మన మాట నేర్చుకున్న మాష్టార్లు

 

ఈసారి గోడపత్రికకు గురువుల గూర్చి ఒక వ్యాసం రాయమని నాకు చెప్పేరు. గురువుల గురించి అంటే అందరమూ ఒకేలాగ రాస్తాము. గురువు దీపం వంటివారు, గురువు నిచ్చెన వంటివారు అని రాస్తాము. ఆ మాటలు మంచివే. కాని అవి చదివితే ఏ గురువు, ఏ ఊరిలో, ఏ పిల్లకి ఏం చేసేరో తెలీదు. అందుచేత నేను ముందు ఒక మాష్టారి గురించి పాఠంలాగ రాస్తాను. ఆ తరువాత నాకు చదువు చెప్పినవాళ్ళ గురించి రాస్తాను. చివర మనం చెయ్యవలసిన పని ఒకటి ఉంది, అదీ రాస్తాను. పెద్ద వ్యాసం అని సగంలో ఎళ్ళిపోకండి. చివర ప్రశ్నలు కూడా ఉన్నాయి.

1. రెండు తేదీలు

సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవం అని మనకు తెలుసు. అది డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పుట్టినరోజు. ఆయన 1888లో తిరుత్తణిలో పుట్టేరు. కాలేజీల్లో తత్వశాస్త్రం పాఠాలు చెప్పేరు. 1931 నుండి 1936 వరకు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేసేరు. 1962లో రాష్ట్రపతి అయ్యేరు. ఆ సంవత్సరం నుండే ఆయన పుట్టినరోజును ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుతున్నారు.

దానికి సరిగ్గా ఏడు రోజుల ముందు ఇంకొక తేదీ ఉంది. అది ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు ప్రార్థన దగ్గర గిడుగు వెంకట రామమూర్తి గారి ఫొటోకి దండ వేస్తాము. పద్యాలు చదువుతాము. ఆయన వాడుక భాష కోసం పోరాడేరని ఉపన్యాసాలు చెబుతాము. అంతటితో సభ అయిపోతుంది.

ఆయన గొప్ప పండితులే. కాని అంతకు ముందు ఆయన ఒక బడి మాష్టారు. తెలుగు కోసం పోరాడక ముందే ఆయన సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం బళ్ళు పెట్టేరు. ఈ సంగతి మన హాస్టల్లో చాలామందికి తెలీదు. కాబట్టి నా లెక్కలో ఆగస్టు 29 కూడా మనకు ఉపాధ్యాయ దినోత్సవమే.

2. గిడుగు మాష్టారి జీవితం

గిడుగు వారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేట అనే గ్రామంలో పుట్టేరు. అది శ్రీకాకుళం జిల్లాలో వంశధార నది దగ్గర ఊరు. తండ్రిగారి పేరు వీర్రాజు గారు. రామమూర్తి గారికి పన్నెండేళ్ళు ఉండగా 1875లో తండ్రి చనిపోయేరు. ఆ తరువాత విజయనగరంలో మహారాజా వారి స్కూల్లో చదువుకున్నారు. కన్యాశుల్కం నాటకం రాసిన గురజాడ అప్పారావు గారు ఆయనకు అక్కడ స్నేహితులు.

మెట్రిక్యులేషను అయిన తరువాత 1880లో పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో మాష్టారుగా చేరేరు. జీతం నెలకు ముప్పై రూపాయలు. అప్పటికి ఆయన వయస్సు పదిహేడేళ్ళు. మన పదో తరగతి అక్కల కంటే కొంచెం పెద్ద, అంతే. పర్లాకిమిడి ఇప్పుడు ఒడిషాలో ఉంది. అప్పట్లో అదీ, మన కొండలూ అన్నీ మద్రాసు ప్రభుత్వం కిందనే ఉండేవి. ఆయన ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి బి.ఏ. పాసయ్యేరు. ముఖలింగం గుడిలో రాళ్ళ మీద ఉన్న పాత రాతలను తనంతట తానే చదవడం నేర్చుకున్నారు.

పర్లాకిమిడి చుట్టూ కొండలే. కొండల మీద సవర ఊళ్ళు. సవరలు కొండ దిగి సంతకు వస్తారు. కొండ సరుకు ఇచ్చి ఉప్పు, బట్ట కొనుక్కుంటారు. వాళ్ళు మాట్లాడేది కింద ఊరివాళ్ళకు తెలీదు. కింద ఊరివాళ్ళు మాట్లాడేది వాళ్ళకు తెలీదు. మధ్యలో ఎవరో ఒకరు మాట అటూ ఇటూ చెప్పాలి. చెప్పినవాడు ఏం చెబితే అదే ధర. భాష రాకపోతే మోసపోవడం ఎంత సులభమో మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళని అడిగితే చెబుతారు.

గిడుగు మాష్టారికి ఈ మనుషుల భాష నేర్చుకోవాలని, వాళ్ళకు చదువు చెప్పాలని కోరిక కలిగింది. సవరా తెలుగూ రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే పెట్టుకున్నారు. ఆ మనిషి దగ్గర కూర్చుని ఒక్కొక్క మాట నేర్చుకున్నారు. తరువాత కొండలెక్కి ఊళ్ళకు ఎళ్ళేరు. సవరల నోటి నుండి విన్న మాటలు, కథలు, పాటలు రాసుకున్నారు. సవర భాషలో పుస్తకాలు రాసేరు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బళ్ళు పెట్టి, అక్కడ చెప్పే మాష్టార్లకు జీతాలు కూడా తానే ఇచ్చేరు. ఆ బళ్ళలో పాఠం సవర భాషలోనే చెప్పేవారు.

ఆ కొండల్లో మలేరియా ఎక్కువ. ఆయనకు జ్వరాలు వచ్చి క్వినైను మందు చాలా తిన్నందువల్ల చెవులు సరిగా వినబడకుండా పోయాయని పెద్దలు చెబుతారు. ఒక భాషను చెవితో విని నేర్చుకోవడానికి ఎళ్ళిన మనిషికి ఆ చెవులే పోయాయి. అయినా పని ఆపలేదు.

ఆయన 1911లో ఉద్యోగం నుండి విరమించేరు. సవర భాష పని మాత్రం విరమించలేదు. 1931లో మద్రాసు ప్రభుత్వం ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని అచ్చు వేసింది. అప్పటికి ఆయనకు 68 ఏళ్ళు. 1938లో సవర - ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యింది. అప్పటికి 75 ఏళ్ళు. ఆయన కుమారుడు సీతాపతి గారు కూడా సవర నేర్చుకొని ఆ పని చేసేరు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. అప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమండ్రి ఎళ్ళిపోయేరు. 1940 జనవరి 22న కన్నుమూసేరు.

3. సవర భాష ఎటువంటిది?

మన హాస్టల్లో సవరలు, జాతాపులు, గదబలు ఉన్నాము. కింద ఊళ్ళ నుండి వచ్చిన టీచర్లు ఉన్నారు. అందరికీ తెలియాలని కొంచెం రాస్తున్నాను.

సవర భాష తెలుగు నుండి పుట్టలేదు. తెలుగు ద్రావిడ భాష. కువి, గోండి, కోయ కూడా ద్రావిడ భాషలే. సవర మాత్రం ముండా భాషల్లో ఒకటి. ఝార్ఖండ్‌లో సంతాలీ, ముండారీ మాట్లాడేవాళ్ళు మనకు భాషలో చుట్టాలు. కాబట్టి సవర పిల్లకి తెలుగు మాట విని ఊహించుకొని అర్థం చేసుకోవడం కుదరదు. కింద ఊరి పిల్లని తీసుకెళ్ళి ఒకేసారి ఇంగ్లీషు బడిలో కూర్చోబెట్టినట్టు ఉంటుంది.

నీళ్ళను మేము "డా" అంటాము. రాస్తే సులభంగానే ఉంది. కాని పలికేటప్పుడు చివర గొంతు టక్కుమని ఆపాలి. ఆ ఆపుడుకి తెలుగులో అక్షరం లేదు. కొత్తగా పలికేవాళ్ళకు అక్కడే తేడా వచ్చి మా చిన్నపిల్లలు నవ్వుతారు.

సవర భాషకు సొంత లిపి కూడా ఉంది. దాని పేరు సొరంగ్ సొంపెంగ్. 1936లో మంగై గొమాంగొ గారు దానిని తయారు చేసేరు. మన వైపు సవరను తెలుగు అక్షరాలతో రాస్తారు.

ఇంకొక సంగతి. మా ఇళ్ళల్లో ఎర్రమట్టి గోడల మీద బియ్యప్పిండి నీళ్ళతో తెల్లటి బొమ్మలు వేస్తారు. మనుషులు, చెట్లు, జింకలు, సూర్యుడు, చంద్రుడు ఉంటాయి. దానిని "ఎడిసింగ్" అంటారు. "ఎడి" అంటే రాయడం, "సింగ్" అంటే ఇల్లు. బొమ్మ వేయడానికీ అక్షరం రాయడానికీ మాకు ఒకటే మాట. మా పెద్దవాళ్ళకి చదువు రాదు అంటారు గాని గోడ మీద రాయడం వాళ్ళకి ముందు నుండీ వచ్చు. మనం ఇప్పుడు చేస్తున్న గోడపత్రిక కూడా అటువంటిదే కదా.

4. మా మామ్మ లెక్క

ఇప్పుడు లెక్కల పాఠం. సవర అంకెలు ఇవి. ఊరు ఊరుకీ పలుకు కొంచెం మారుతుంది.

1 అబొయ్, 2 బాగు, 3 యాగి, 4 ఉంజి, 5 మొన్‌లొయ్, 6 తుడ్రు, 7 గుల్జి, 8 తమ్‌జి, 9 తింజి, 10 గెల్జి, 11 గెల్‌ముయ్, 12 మిగెల్.

తెలుగులో పది అయిన తరువాత మళ్ళీ మొదలు పెడతాము. సవరలో పన్నెండు అయిన తరువాత మొదలు పెడతాము. 13 అంటే "మిగెల్ బొయ్", అంటే పన్నెండూ ఒకటి. 19 అంటే "మిగెల్ గుల్జి", పన్నెండూ ఏడు. ఇరవైకి వేరే మాట ఉంది. 33 అనాలంటే ఒక ఇరవై, పన్నెండు, ఒకటి అని చెప్పాలి. కూడి చూడండి: 20 + 12 + 1 = 33. నలభై అంటే రెండు ఇరవైలు.

ఇది తప్పు లెక్క అని ఎవరైనా అనుకోవచ్చు. మన లెక్కల మాష్టారు ఏమి చెప్పేరంటే, పదిని ఇద్దరికి గాని అయిదుగురికి గాని సమంగా పంచవచ్చు. పన్నెండును ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి, ఆరుగురికి కూడా సమంగా పంచవచ్చు. అందుకే గుడ్లు డజను లెక్కన అమ్ముతారు. అడుగుకు పన్నెండు అంగుళాలు, సంవత్సరానికి పన్నెండు నెలలు. దొరికినది అందరూ పంచుకునే ఊరికి పన్నెండు మంచి లెక్క.

ఈ లెక్క నాకు మా మామ్మ నేర్పింది. నేను బడికి ఎళ్ళకముందే ఇరవై దాకా నాకు వచ్చు. చింతపిక్కలతో నేర్పింది.

5. మా ఊరి బడి

మా ఊరి బడి ఒక్క మాష్టారు బడి. ఒక్క గది, అయిదు తరగతులు. నేను ఒకటో తరగతిలో చేరినప్పుడు మా ఊరి ఆడపిల్లలం అయిదుగురం చేరేము. అప్పుడున్న ఆయనకు సవర రాదు. మాకు తెలుగు రాదు. ఆయన లెక్క పెట్టమంటే మేము పన్నెండు దాకా తెలుగులో చెప్పి ఆ తరువాత "పన్నెండొకటి, పన్నెండురెండు" అనేవాళ్ళము. ఆయన బెత్తం తీసేవారు. మొద్దు గుంటలు అనేవారు. మొద్దు అంటే ఏమిటో కూడా మాకు తెలీదు. ఇంటికి ఎళ్ళి మా అయ్యని అడిగితే ఆయనకూ తెలీదు.

మా అయిదుగురిలో లెక్క బాగా వచ్చిన పిల్ల ఒకతె ఉండేది. నాకంటే గబగబా చెప్పేది. గబగబా చెప్పినందుకే దానికి ఎక్కువ దెబ్బలు పడ్డాయి. ఆ సంవత్సరం చివరికి అది బడి మానేసింది. దానితోపాటు ఇంకొక పిల్ల కూడా మానేసింది.

నేను రెండో తరగతికి వచ్చేసరికి కొత్త మాష్టారు వచ్చేరు. ఆయన బస్సు దిగి రెండు గంటలు కొండ ఎక్కి వచ్చేవారు. వాన పడితే గెడ్డ దాటడానికి చెప్పులు చేత్తో పట్టుకొని వచ్చేవారు. ఆయనకు కూడా సవర రాదు. కాని వచ్చిన మొదటి వారంలోనే మా ఇంటి అరుగు మీద కూర్చొని మా మామ్మని నీళ్ళను ఏమంటారు, నిప్పును ఏమంటారు, అన్నం తిన్నావా అని ఎలా అడుగుతారు అని అడిగేరు. ఒక పొడుగు నోటుబుక్కులో రాసుకున్నారు. మరునాడు బడిలో "డా" అన్నారు. గొంతు ఆపడం రాలేదు. పిల్లలందరూ నవ్వేసేరు. ఆయన కూడా నవ్వి, "అయితే మీరే నేర్పండి" అన్నారు. ఆ రోజు మేము మాష్టారికి పాఠం చెప్పేము. అప్పటిదాకా బడిలో నోరు తెరవని పిల్లలు కూడా లేచి చెప్పేరు.

తరువాత ఒకరోజు నేను లెక్క పెడుతూ "పన్నెండొకటి" అన్నాను. అలవాటుకొద్దీ చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆయన కొట్టలేదు. ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పేను. మా మామ్మని పిలిపించి ఆమెచేత కూడా చెప్పించేరు. ఆ తరువాత పదమూడు చింతపిక్కలు తెచ్చి నేల మీద పోసేరు. పన్నెండు ఒక కుప్ప, ఒకటి పక్కన పెట్టి "ఇది మీ మామ్మ లెక్క" అన్నారు. మళ్ళీ కలిపేసి పది ఒక కుప్ప, మూడు పక్కన పెట్టి "ఇది పుస్తకం లెక్క" అన్నారు. "పిక్కలు మారేయా?" అని అడిగేరు. మారలేదు అన్నాము. "రెండూ సరైనవే. పరీక్షలో పుస్తకం లెక్క రాయండి, ఇంటి దగ్గర మామ్మ లెక్క మరిచిపోకండి" అన్నారు.

పదులు, ఒకట్లు నాకు ఆ రోజు వచ్చేయి. ఇప్పుడు తొమ్మిదో తరగతిలో బీజగణితం చేస్తున్నాను అంటే దాని మొదలు ఆ పదమూడు పిక్కల్లోనే ఉంది.

బడి మానేసిన ఆ పిల్ల ఇప్పుడు పోడు పని చేస్తోంది. వారం వారం సంతకి కొండచీపుర్లు, అనాస పళ్ళు తెచ్చి అమ్ముతాది. ఎన్ని కట్టలు, కట్టకి ఎంత, ఎంత రావాలి, అంతా నోటితో చెప్పేస్తాది. షావుకారు ఒక్క రూపాయి తక్కువ ఇచ్చినా పట్టుకుంటాది. అది మొద్దు అయితే ఈ లెక్క దానికి ఎలా వచ్చింది? ఆ మాష్టారు ఒక్క సంవత్సరం ముందు వచ్చి ఉంటే అది ఇవాళ నా పక్క బెంచీలో ఉండేది. సెలవులకు ఎళ్ళినప్పుడల్లా నాకు ఇదే అనిపిస్తాది.

6. ఇక్కడి గురువులు

ఈ హాస్టల్‌కి వచ్చిన తరువాత నాకు చదువు చెప్పినవాళ్ళు చాలామంది. అందరి గురించి రాస్తే గోడ చాలదు. ఇద్దరి గురించి రాస్తాను.

మన తెలుగు మేడమ్ గారు. ఆరో తరగతిలో "మా ఊరు" అని వ్యాసం రాయమన్నారు. నాకు పుస్తకం మాటలు రాక ఖాళీ కాగితం ముందు కూర్చున్నాను. మేడమ్ గారు వచ్చి "నువ్వు నాతో ఎలా చెబుతావో అలాగే రాయి. తరువాత ఇద్దరం కూర్చొని సరి చేద్దాం" అన్నారు. రెండు పేజీలు రాసేను. ఆమె ఎర్ర సిరాతో గీతలు కొట్టలేదు. పెన్సిలుతో పక్కన రాసేరు.

గిడుగు వారికీ దీనికీ సంబంధం ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బడి పుస్తకాల్లో తెలుగు ఎవరూ మాట్లాడని గ్రాంథిక భాషలో ఉండేది. యేట్స్ అనే ఇంగ్లీషు దొర మన వైపు స్కూళ్ళ ఇన్స్పెక్టరుగా వచ్చి, మనుషులు మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో తెలుగు ఇంకొకటి ఎందుకు అని అడిగేరు. గిడుగు వారు, గురజాడ వారు, విశాఖపట్నం కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్న పట్టుకున్నారు. పిల్లలకు వాడుక భాషలో చదువు చెప్పాలి అని గిడుగు వారు ఊరూరా సభల్లో వాదించేరు. 1919లో "తెలుగు" అనే పత్రిక నడిపేరు. పండితులు చాలామంది ఎదిరించేరు. కాని చివరికి వాడుక భాషే పుస్తకాల్లోకి, పేపర్లలోకి వచ్చింది.

సవర పిల్లలకు సవరలో చెప్పిన మనిషికి తెలుగు పిల్లలకు కూడా వాళ్ళు మాట్లాడే తెలుగులోనే చెప్పాలి అని తోచడం సహజమే కదా. ఈ రెండు పనులూ ఒక్కటే పని అని నేను అనుకుంటున్నాను. ఆయన గెలవకపోతే నేను ఈ వ్యాసం ఇలా రాయగలిగేదాన్ని కాదు.

రెండవవారు మన మేట్రన్ గారు. ఆమె పాఠం చెప్పరు కదా అని మీరు అనవచ్చు. జూన్‌లో మూడో తరగతి చిన్నపిల్లలు కొత్తగా వస్తారు. రాత్రి ఏడుస్తారు. మేట్రన్ గారికి సవరలో అయిదారు మాటలు మాత్రమే వచ్చు. అమ్మ వస్తుంది, అన్నం తిను, నిద్రపో, భయం లేదు. ఆ అయిదారు మాటలతోనే పిల్లలు ఊరుకుంటారు. ఏడుస్తున్న పిల్లకి తన మాటలో ఒక్క మాట వినబడితే చాలు. నేను కూడా అలాగే ఊరుకున్నాను.

7. చట్టం ఏమి చెబుతోంది?

ఇది ఎవరి దయ మీదనో ఆధారపడిన సంగతి కాదు. మన రాజ్యాంగంలో 350-ఎ అనే అధికరణం కలదు. అది 1956లో ఏడవ సవరణ ద్వారా చేరింది. ప్రాథమిక తరగతుల పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలి అని దాని అర్థం. 2009 విద్యాహక్కు చట్టంలో కూడా వీలైనంతవరకు పిల్లల మాతృభాషలో బోధించాలని ఉంది. పిల్లలను కొట్టకూడదు, మనసు బాధపెట్టే మాట అనకూడదు అని కూడా అందులోనే ఉంది. 2004 ప్రాంతంలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా, గోండి, కోయ, కొలామి, బంజారా అనే ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు తెలుగు లిపిలో పుస్తకాలు తయారు చేసి బళ్ళలో చెప్పడం మొదలు పెట్టేరు.

సవరలో చెబితే తెలుగు రాకుండా పోతుంది, పదో తరగతి పరీక్ష తెలుగులో, ఇంగ్లీషులో కదా అని మన తల్లిదండ్రులు కొందరు భయపడతారు. ఆ భయం కూడా న్యాయమైనదే. కాని నా సంగతి చూడండి. సవరలో లెక్క అర్థమైన తరువాతనే నాకు తెలుగులో లెక్క వచ్చింది. గెడ్డ దాటాలంటే ముందు ఇవతల ఒడ్డు మీద కాలు గట్టిగా నిలవాలి.

8. మనం చెయ్యవలసిన పని

గురువులకు కృతజ్ఞత చెప్పడం అంటే పూలు ఇవ్వడం, కాళ్ళకు దండం పెట్టడం అని మనకు తెలుసు. అవి చేద్దాము. ఆ పొడుగు నోటుబుక్కు మాష్టారు బదిలీ అయి ఎళ్ళిపోయేరు. ఆయనకు నేను పూలు ఇవ్వలేను. ఆయన నాకు చేసినది ఇంకొక చిన్నపిల్లకి నేను చేస్తే అది ఆయనకు ఇచ్చినట్టే అని నా అభిప్రాయము.

ఈ సంవత్సరం మూడో తరగతిలో ఒక చిన్న చెల్లి ఉంది. జూన్ నుండి క్లాసులో మాట్లాడలేదు. కొందరు మూగది అంటున్నారు. అది మూగది కాదు. సాయంత్రం నీళ్ళ ట్యాంకు వెనక ఎవరూ లేనప్పుడు పిక్కలు ఆడుతూ సవరలో గబగబా లెక్క పెడుతుంది. నేను నా చెవులతో విన్నాను. పన్నెండు తరువాత "మిగెల్ బొయ్" అంటుంది. దసరా సెలవులకు ఇంటికి ఎళితే మళ్ళీ రాదేమో అని నాకు భయంగా ఉంది. మా ఊరిలో ఇద్దరు అలాగే రాలేదు.

అందుచేత నేను ఈ క్రింది పనులు చేద్దామని కోరుతున్నాను.

(1) రాత్రి స్టడీ అవరులో మూడు, నాలుగు తరగతుల చెల్లెళ్ళకు వాళ్ళ భాషలో పాఠం చెప్పడానికి వార్డెన్ గారు మాకు అరగంట అనుమతి ఇవ్వవలెనని ప్రార్థన. తొమ్మిదో తరగతిలో సవర వచ్చినవాళ్ళం ఏడుగురం ఉన్నాము. వంతుల వారీగా చెబుతాము. మా చదువు పాడు చేసుకోము.

(2) ఒక పొడుగు నోటుబుక్కు పెడదాము. ఆదివారం ఆదివారం పది మాటలు సవరలో, తెలుగులో రాద్దాము. జాతాపు అక్కలు, గదబ అక్కలు తమ ఇంట్లో పెద్దవాళ్ళు అనే మాటలు కూడా రాయాలి. కొత్తగా వచ్చే టీచర్లకు ఆ పుస్తకం ఇద్దాము.

(3) చిన్నపిల్లలు తెలుగు తప్పు పలికితే నవ్వకూడదు. మొద్దు, మూగది అనే మాటలు మన హాస్టల్లో వాడకూడదు.

(4) సెలవులకు ఇంటికి ఎళ్ళినప్పుడు మామ్మలను, తాతలను అడిగి ఒక్కొక్కరు ఒక కథ గాని, ఒక లెక్క గాని తేవాలి. గిడుగు మాష్టారు కొండలెక్కి తెచ్చుకున్నారు. మనకి అయితే అది ఇంట్లోనే ఉంది.

గిడుగు వారు తన జీతం లోనుండి సవర బడి మాష్టారికి జీతం ఇచ్చేరు. మన దగ్గర డబ్బు లేదు. అరగంట ఉంది. అదే ఇద్దాము.

9. ప్రశ్నలు (జవాబులు కాగితం మీద రాసి గోడపత్రిక పెట్టెలో వేయండి)

(1) సవర లెక్క ప్రకారం 17ను ఎలా చెబుతారు? 34ను ఎలా విడదీస్తారు?

(2) 12ను ఎంతమందికి సమంగా పంచవచ్చు? అన్ని విధాలూ రాయండి.

(3) తెలుగు ఏ భాషా కుటుంబం? సవర ఏ భాషా కుటుంబం?

(4) గిడుగు వారి సవర వ్యాకరణం ఏ సంవత్సరంలో అచ్చయ్యింది? అప్పుడు ఆయన వయస్సు ఎంత?

(5) మీ ఇంటి మాట నేర్చుకున్న టీచరు మీకు ఎవరైనా ఉన్నారా? వారు నేర్చుకున్న మొదటి మాట ఏది? నాలుగు వాక్యాలు రాయండి. మంచివి వచ్చే సంచికలో వేస్తాము.

కొత్త మాటలు

గెడ్డ : కొండ మీద నుండి పారే చిన్న ఏరు
గ్రాంథిక భాష : పాత పుస్తకాల్లో ఉండే భాష
వాడుక భాష : నోటితో మాట్లాడే భాష
నిఘంటువు : మాటలకు అర్థాలు చెప్పే పుస్తకం
అధికరణం : రాజ్యాంగంలో ఒక్కొక్క నియమం

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని,
సవర పిల్ల